నాలుగో క్వార్టర్ లెక్క

2023 సంవత్సరం. భద్రాచలంలో గోదావరి కరకట్టకు కొంచెం ఇవతల ఒక సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. ఆదివారాలు ఆ కోర్టు పక్కన చిన్న టేబుల్ వేసుకుని కూర్చునే స్కోరర్‌ని నేను. మిగతా ఆరు రోజులూ బూర్గంపాడు రోడ్డు మీద లారీల కాటా దగ్గర గుమస్తాని. జామాయిల్ కర్ర లోడు లారీ కాటా ఎక్కితే ఎంత, దిగి ఖాళీగా వస్తే ఎంత, తేడా ఎంత అన్నది రాయడం నా పని. చదివింది పదో తరగతి. సగటులు, శాతాలు అన్నీ కాటా గదిలో లారీకి లారీకి మధ్య దొరికిన ఖాళీలో నాకు నేనే నేర్చుకున్నాను.

స్కోరర్ పని బయటివాళ్ళకు తేలిగ్గా కనిపిస్తుంది. ఎవరు ఎన్ని పాయింట్లు వేశారు, ఎవరు ఫౌల్ చేశారు అని స్కోర్ షీటు మీద రాయాలి. ఒక్కో జట్టుకు పన్నెండు వరసలుంటాయి, వరసకో పేరు. పక్కనే రన్నింగ్ స్కోర్ ఉంటుంది. అంటే పాయింటు పడ్డప్పుడల్లా ఆ అంకె మీద గీత కొట్టుకుంటూ పోవడం. ఆట మొదలయ్యే ముందు కోచ్ వచ్చి జాబితా చూసి సంతకం పెడతాడు. దీనికి నాదైన నియమం ఒకటి కలుపుకున్నాను. ఆట పూర్తయ్యి రిఫరీ సంతకం పడేదాకా ఏ జట్టువాడికీ షీటు చూపించను, ఒక్క మాట చెప్పను. స్కోరర్ ఎవరి మనిషీ కాకూడదని నా నమ్మకం. ఈ నియమం నాకు ఎవరూ పెట్టలేదు.

మా జట్టు కోచ్ వెంకన్న. కరెంటు లైన్‌మన్, నా ఈడువాడే, మా ఊరివాడే. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం ఇద్దరం ఒకే బస్సులో వంతెన దాటి భద్రాచలం వెళ్ళేవాళ్ళం, ఒకే బస్సులో తిరిగి వచ్చేవాళ్ళం. నాకు స్నేహితులు తక్కువ. నిజంగా లెక్కపెడితే అతనొక్కడే.

వెంకన్న దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆటకు వచ్చినవాడు కోర్టులో కాలు పెట్టకుండా ఇంటికి పోకూడదు. మా ఆటగాళ్ళలో సగం మంది దుమ్ముగూడెం వైపు, చర్ల వైపు అడవి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. చర్ల అవతలి నుంచి వచ్చే ముత్తయ్య రెండు బస్సులు మారి వచ్చేవాడు. అలాంటివాళ్ళను వెంకన్న నాలుగో క్వార్టర్‌లో, అంటే చివరి పది నిమిషాల్లో, ఒక్కొక్కరిగా దింపేవాడు.

ఆ ఏడాది పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి పదకొండు ఓడిపోయారు. చివరి మ్యాచ్‌లో మూడో క్వార్టర్ అయ్యేసరికి ఆరు పాయింట్లు ముందున్నారు. అప్పుడు వెంకన్న ముత్తయ్యను దింపాడు. అతని చేతిలోంచి బంతి రెండుసార్లు జారింది. ఐదు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. కెప్టెన్ కిరణ్ నా టేబుల్ ముందే వెంకన్న మీద పడ్డాడు.

"గెలిచే ఆటను చేతుల పెట్టి ఇచ్చినవ్ గదన్నా! ఆయన్ని ఇప్పుడే దింపాల్నా?"

"పొద్దున్నే లేసి వచ్చిండురా. బెంచీ మీద కూసోబెట్టి పంపిస్తమా?"

"నాకు ఇరవై తొమ్మిదేండ్లు నిండినయ్. ఇంకొక్క ఏడు ఆడితే ఎక్కువ. ఒక్క కప్పన్న చూడొద్దా నేను?"

ముత్తయ్య బూట్లు విప్పుకుంటూ తల ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు, షీటు పూర్తి చేయాలి కదా.

ఆ వారంలోనే క్లబ్ అధ్యక్షుడు సుధాకర్ కాటా దగ్గరికి వచ్చాడు. మందుల షాపు ఆయనది. ఖమ్మంలో శ్రీహరి సార్ అని ఒక కోచ్ ఉన్నాడనీ, పిలిస్తే వస్తానన్నాడనీ చెప్పాడు. చాలా గట్టి మనిషట. ప్రాక్టీసుకు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు కోర్టులోకి రానివ్వడట.

"సగం మంది కావాలంటున్నరు, సగం మంది వద్దంటున్నరు సత్యమన్నా. మాటలతోని తెగేటట్టు లేదు. నీ దగ్గర అన్ని షీట్లున్నయ్. లెక్క తీసి ఆదివారం మీటింగుల చెప్పు. నువ్వు చెప్తే ఎవ్వడు కాదనడు."

ఇంతకు ముందు ఏ మీటింగ్‌లోనూ ఎవరూ నన్ను మాట్లాడమనలేదు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఐదు రోజులు కాటా గదిలో కూర్చుని లెక్క తీశాను. పద్నాలుగు మ్యాచ్‌ల మొదటి మూడు క్వార్టర్లు కలిపితే మా జట్టు పందొమ్మిది పాయింట్లు ముందుంది. నాలుగో క్వార్టర్లు మాత్రమే కలిపితే తొంభై ఆరు పాయింట్లు వెనక ఉంది. ఎవరు ఎప్పుడు దిగారో, ఎప్పుడు బయటికి వచ్చారో వేరే నోట్‌బుక్కులో రాసుకునే అలవాటు నాకు. దాన్ని పక్కన పెట్టుకుని ఆ నూట నలభై నిమిషాలనూ విడదీశాను. ముఖ్యమైన ఐదుగురే ఆడిన యాభై రెండు నిమిషాల్లో నాలుగు పాయింట్లు లాభం. మిగతా ఎనభై ఎనిమిది నిమిషాల్లో వంద పాయింట్లు నష్టం. మూడుసార్లు సరిచూశాను. ఓటమి ఆటగాళ్ళలో లేదు, వెంకన్న పద్ధతిలో ఉంది.

శ్రీహరి సార్ అంతకు ముందు నేర్పిన రెండు జట్ల షీట్లు కూడా తెప్పించుకుని చూశాను. రెండు చోట్లా గెలుపులు పెరిగాయి. ఆ అంకె రాసుకుని షీట్లు మూసేశాను.

ఆదివారం మామూలుగానే ఇద్దరం బస్సెక్కాం. లెక్క కాగితం నా చొక్కా జేబులో ఉంది. వెంకన్న కిటికీ పక్కన కూర్చున్నాడు.

"ఏంది లెక్కల సారూ, ఇయ్యాల మూగనోము పట్టినవా?"

"ఏం లేదు."

"సుధాకర్ నీ దగ్గరికి వచ్చిండంట గదా. ఏం లెక్క తీసినవ్? నన్ను ఉంచుతవా, ఊడగొడతవా?" అని నవ్వాడు.

"మీటింగుల చెప్త."

"ఓహో! నాక్కూడ చెప్పవా?"

"అందరికీ ఒక్కసారే చెప్పాలె. గదే పద్ధతి."

అతను నా జేబు వైపు ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు. బస్సు వంతెన ఎక్కింది. ఎప్పుడూ ఆ వంతెన మీద నీళ్ళు ఎంతున్నాయని పందెం వేసుకునేవాళ్ళం. ఆ రోజు పందెం లేదు. నా నియమానికి కట్టుబడినందుకు నేను మనసులో కొంచెం గర్వపడ్డాను కూడా.

మీటింగ్‌లో ఇరవై మంది దాకా ఉన్నారు. కాగితం తీసి చదివాను. ఎనభై ఎనిమిది నిమిషాల దగ్గరికి వచ్చేసరికి కిరణ్ నేల వైపు చూశాడు. ముత్తయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ నిమిషాలు ఎవరివో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సుధాకర్ అడిగాడు. "వెంకన్నా, నువ్వేమంటవ్?"

వెంకన్న లేచి నిలబడ్డాడు. "సత్యం లెక్క తప్పదు. ఆ సార్‌నే పిలవండి. పోరగాండ్లు ఒక్క కప్పన్న చూడాలె గదా."

అంతే అన్నాడు. సాయంత్రం బస్టాండులో అతని కోసం చూశాను. ఎవరిదో బండి మీద వెళ్ళిపోయాడని చెప్పారు.

శ్రీహరి సార్ వచ్చాడు. నిజంగానే గట్టి మనిషి, కానీ చెడ్డవాడు కాదు. ఆలస్యమైతే గేటు దగ్గరే ఆపేవాడు. చెమట పట్టేదాకా ఒకే పాస్ వందసార్లు వేయించేవాడు. తరువాతి ఏడాది పద్నాలుగు మ్యాచ్‌ల్లో తొమ్మిది గెలిచారు. సత్తుపల్లిలో జరిగిన టోర్నమెంట్‌లో కిరణ్ కప్పు ఎత్తాడు. ఏడుస్తూ నా టేబుల్ దగ్గరికి వచ్చి "నీ లెక్కనే అన్నా గెలిపించింది" అని కౌగిలించుకున్నాడు. నా లెక్క నిజమైంది. ఆ సంగతి చెప్పుకునే తోడు లేక బస్సులో ఒక్కడినే తిరిగి వచ్చాను.

ఆ షీటు ఇంటి దగ్గర మళ్ళీ చూశాను. స్కోర్ షీటులో ఒక చిన్న నియమం ఉంది. పన్నెండు మంది లేకపోతే, మిగిలిన ఖాళీ వరసల మీద స్కోరర్ అడ్డంగా గీత గీయాలి, తరువాత ఎవరూ పేరు చేర్చకుండా. వెంకన్న ఉన్న పదకొండేళ్ళలో మా జట్టు వైపు ఆ గీత గీయాల్సిన అవసరం నాకు పడలేదు. సార్ వచ్చిన సీజన్ మొదటి మ్యాచ్‌కు పన్నెండు పేర్లున్నాయి. కప్పు గెలిచిన మ్యాచ్‌కు ఏడు. ఐదు వరసల మీద గీత నా చేతిదే. ఎప్పుడు గీశానో కూడా గుర్తు లేదు, చెయ్యి అలవాటుగా గీసింది. అప్పుడు లేచి, నా దగ్గరున్న సార్ పాత జట్ల షీట్ల నకళ్ళు బయటికి తీశాను. అక్కడా పన్నెండు పేర్లు ఎనిమిదయ్యాయి. ఆ గీతలు నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను గెలుపులు ఒక్కటే లెక్కపెట్టాను.

కొద్ది రోజులకు కాటా మీదికి ఒక జామాయిల్ లారీ వచ్చింది. లోడు మీద నుంచి దిగినవాడు ముత్తయ్య.

"సార్ బాగున్నరా?"

"నువ్వు రావట్లేదేంది ముత్తయ్యా?"

"ఫస్టు బస్సు పట్టుకున్నా ఆయన టైముకు అందదు సార్. రెండుసార్లు గేటు కాడికి వచ్చి తిరిగి పోయిన. ఆదివారం ఒక్కరోజు నలుగురిల ఉన్నట్టు ఉండేది. ఆట నాకు అంతగా రాదు, నాకు తెల్సు. ఎనభై ఎనిమిది నిమిషాలన్నరు గదా. అండ్ల నావి ఎన్నో?"

ఆ అంకె నాకు నోటికి వచ్చు. కాటా చీటీ చింపి ఇచ్చాను.

ఆ సాయంత్రమే వెంకన్న ఇంటికి వెళ్ళాను. మీటింగ్ తరువాత వెళ్ళడం అదే మొదలు. అతను వాకిట్లో కూర్చుని టేబుల్ ఫ్యాను విప్పి బాగు చేస్తున్నాడు. నేను సగంలో ఆపిన లెక్క గురించి, గీతల గురించి, ముత్తయ్య అడిగినదాని గురించి అంతా చెప్పాను. స్క్రూడ్రైవర్ ఆపకుండానే విన్నాడు.

"లెక్కల తప్పేం లేదురా. నా తోని ఓడిపోతున్నరని నాకు తెల్వదా? నువ్వు బస్సుల చెప్తే నేనే మీటింగుల లేసి చెప్పుకునేటోణ్ణి. ముత్తయ్య ముందట నీ కాగితం చదవకుండా అయ్యేది."

"మన్నించు" అన్నాను.

"అట్లనే గానీ, ఆ టార్చి జెర ఇటు పట్టు."

పట్టుకున్నాను. ఫ్యాను తిరిగింది. టీ తాగి వచ్చేశాను. ఆదివారం బస్సుకు మాత్రం అతను రాలేదు, ఆ తరువాతా రాలేదు.

జట్టు ఆ కోచ్‌ని పిలవాలా వద్దా అని ఇప్పుడు మళ్ళీ అడిగితే, పిలవమనే చెబుతాను. కిరణ్ కప్పు నిజం. కానీ రెండు అంకెలు చదువుతాను, ఎన్ని గెలుస్తారు, ఎంతమంది మిగులుతారు అని. అంతకంటే ముందు, ఆ అంకె ఎవరి మీద పడుతుందో ఆ మనిషి దగ్గరికి ఒక్కడినే వెళ్ళి చెబుతాను. షీటు ఎవరికీ చూపించకపోవడం ఆట జరుగుతున్నప్పటి నియమం. నేను దాన్ని బస్సులోకి తెచ్చుకున్నాను.

ఇప్పటికీ ఆదివారాలు స్కోరర్‌గా వెళ్తున్నాను. ఆట మొదలయ్యే ముందు ఖాళీ వరసల మీద గీత గీయాలి. నిబంధన కాబట్టి గీస్తాను. కాకపోతే చర్ల నుంచి వచ్చే మొదటి బస్సు స్టాండులోకి వచ్చి, దిగినవాళ్ళు కోర్టు దాకా నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు పెన్ను మూత తీయకుండా ఆగుతాను.