ఖాళీ పెట్టె మీద రెండు అక్షరాలు

దేముడి పేరు ఖరగ్‌పూర్‌లో ఎక్కడా రాసి లేదు. రాసే పని మాత్రం అతనిది.

రైల్వే వర్క్‌షాపులో చేరేనాటికి అతనికి మీసం సరిగ్గా రాలేదు. తండ్రి చీపురుపల్లి వైపు నుంచి వచ్చి అదే షాపులో పనిచేసి, దగ్గుతో పోయాడు. ఆ పని కొడుక్కి వచ్చింది. మొదట్లో దేముడు కోచ్‌ల లోపలి చెక్కకి పాలిష్ పట్టేవాడు. లక్క రేకులు స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డ ఉండతో రుద్దడం. కొన్నాళ్ళకి కోచ్‌లలో చెక్క పోయింది. రేకు వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది. దేముణ్ణి స్టెన్సిల్‌కి మార్చారు.

కోచ్‌ని మొత్తం విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించాక దాని చివరి గోడ మీద షాపు పేరు, ఆ రోజు తేదీ, మళ్ళీ ఎప్పుడు షాపుకి రావాలో ఆ తేదీ వెయ్యాలి. అక్షరాలు కోసిన రేకును గోడకి ఆనించి, కుంచెతో తెల్లరంగు అద్దాలి. అదే చివరి పని. ఆ రంగు పడిందంటే లోపల చూశారని అర్థం. చూడకుండా వెయ్యకూడదు. అలా వేయించిన మేస్త్రీని ఒకసారి షాపులో అందరూ వెలేసినట్టు చూశారు. అతను బదిలీ అడిగి వెళ్ళిపోయాడు.

సుందర్ రాజు పక్క సెక్షన్. కోచ్‌లలో దీపాలు, ఫ్యాన్లు చూసేవాడు. తెలుగు చర్చిలో అతని కుటుంబానిది పాత బెంచీ. రేడియోల పిచ్చి మొదట అతనిదే. మేదినీపూర్ వైపు పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు చెత్త సామాన్ల దుకాణాలకి వాల్వు రేడియోలు వచ్చేవి. వాటిని సైకిల్ మీద కట్టుకుని దేముడి ఇంటికి తెచ్చేవాడు. లోపల రాజు చూసేవాడు. పైన దేముడు చూసేవాడు.

"నాది గుండె ఆపరేసను. నీది పౌడరు రాయడం," అనేవాడు రాజు.

"పెళ్ళిసూపులకి ఎల్లినోడు గుండె సూస్తాడేటి? పౌడరే సూస్తాడు," అనేవాడు దేముడు.

"మీ ఇద్దరికీ పెళ్ళిళ్ళు అయిపోనాయి. టీ తాగండి," అనేది దేముడి భార్య చిలకమ్మ.

మొదటి సెట్టు పాడిన రోజున రాజే అన్నాడు, కోచ్‌కి వేసినట్టే దీనికీ వెయ్యమని. దేముడు చిన్న రేకు కోశాడు. పైన ఖరగ్‌పూర్, కింద తేదీ, ఆ కింద ఎస్.ఆర్. అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. లోపల చూసిన మనిషి గుర్తు. వెనక అట్టకి లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట అద్దాడు. ఆ తర్వాత వాళ్ళ చేతుల్లోంచి వెళ్ళిన ప్రతి రేడియోకి ఆ గుర్తు పడింది. రాజు విని, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ విని, తల ఊపితేనే దేముడు కుంచె తీసేవాడు. అక్కడ తన అక్షరం కూడా ఉండాలని దేముడికి తట్టలేదు. రాజుకీ తట్టలేదు.

ఇద్దరూ రిటైరయ్యారు. దేముడు క్వార్టర్ ఖాళీ చేసి ఝపటాపూర్‌లో రెండు గదులు వేసుకున్నాడు. వరండా రేడియోలకి వదిలేశాడు.

అప్పటికి రేడియోలు బాగవుతున్నాయి గాని వినడానికి ఏమీ మిగల్లేదు. వీధిలో ప్రతి ఇంట్లో కొత్తరకం బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు. అవి వెలిగితే మీడియం వేవ్ నిండా బరబర చప్పుడు. ఊళ్ళోనే ఖరిదా పేట నుంచి ఒక రిటైర్డ్ గార్డు తన తండ్రి సెట్టు ఇచ్చాడు. రాజు దాని మీద నెలల తరబడి కూర్చున్నాడు. వాల్వు దొరక్క కలకత్తా రెండుసార్లు వెళ్ళాడు. అది పలికిన సాయంత్రం ఇంట్లో దీపాలన్నీ ఆపించాడు. చిలకమ్మ చీకట్లో బియ్యం ఏరుతూ కూర్చుంది. బరబర మధ్య ఎవరో ఒరియాలో వార్తలు చదువుతున్నారు. రాజు తల ఊపాడు. దేముడు టార్చి వెలుగులో రంగు అద్దాడు.

గార్డు ఫోన్ తియ్యలేదు. తర్వాత తీసి, ఇంట్లో చోటు లేదన్నాడు. మీరే ఉంచుకోండి దాదా అన్నాడు.

ప్రేమ్‌కుమార్ అప్పుడు వచ్చాడు. ఖరిదాలో మొబైల్ దుకాణం నడిపే కుర్రాడు. వరండాలో వరసగా ఉన్న సెట్లని చూసి, ఒకదాని మీద వేలు రాసి, ఆ వేలు చూసుకున్నాడు.

"మావయ్యా, ఈ పాలిష్ నీదేనా? అద్దంలాగుంది."

"నాదే."

"లోపలి సామాను తుక్కు కింద కబాడీకి ఏసెయ్. నాకు పెట్టె ఉంటే సాలు."

"మరి పాటెలాగొస్తాది?"

"ఫోన్లోంచి. సిన్న బోర్డు, రెండు స్పీకర్లు పెడతాను. లైటెలుగుతాది. ఆ ముల్లు ఊరికే, షోకి."

"ముల్లు తిరగకపోతే స్టేసనెలా మారుతాది?"

"స్టేసనెక్కడుంది మావయ్యా ఇప్పుడు?"

దేముడు రాజుతో చెప్పాడు. రాజు కాసేపు స్క్రూ ఒకటి చేతిలో తిప్పాడు.

"పెట్టె నీది. నీ ఇష్టం. లోపలిది పారెయ్యకు, నాకియ్యి," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "మంచి కుర్రాడే. శవానికి సూటు కుట్టిస్తన్నాడు."

"నీ సెట్టు బతికుందేటి? వీధిలో దీపాలన్నీ ఆరిపితే గాని ఊపిరి తియ్యదు."

"తీస్తాది కదా."

అలా కొన్నాళ్ళు జరిగింది. దేముడు మెరిపించిన పెట్టెల్ని ప్రేమ్‌కుమార్ ఫోన్లోనే దూరపు ఊళ్ళకి అమ్మేవాడు. రాజు వచ్చి లోపలి భాగాలు సంచీలో వేసుకుని వెళ్ళేవాడు. అతను బాగుచెయ్యడానికి ఇంక సెట్లు రావడం లేదు. దేముడికి మాత్రం పని పెరిగింది. గుడ్డ ఉండ పట్టుకుంటే వేళ్ళు చిన్నప్పటిలా కదిలేవి. తన చెక్కని జనం అంతగా చూడటం అతనికి అదే మొదలు. కోచ్‌లో పాలిష్‌ని ఎవరూ చూడలేదు, దాన్ని ఆనుకుని నిద్రపోయారు.

ఒకరోజు ప్రేమ్‌కుమార్ ఫోన్ చూపించాడు. బెంగళూరులో ఒకామె తను కొన్న పెట్టె వెనక అట్ట ఊడదీసి, లోపలి గుర్తుని ఫొటో తీసి పంపింది. ఇది నిజంగా రైల్వే వర్క్‌షాపుదా అని అడిగింది. ఆ ఫొటో చూసి ఇంకా చాలామంది అడుగుతున్నారు.

"అన్నిటికీ ఏసెయ్ మావయ్యా. ముందు వైపు, అందరికీ కనబడీలాగ."

"అది రాజు గుర్తు. లోపల సూసినోడిది."

"లోపల నా బోర్డుంది. నాను సూసినాను కదా."

"అయితే నీ పేరేసుకో."

"నా పేరెవడు కొంటాడు?" అని నవ్వాడు ప్రేమ్‌కుమార్.

"తేదీ?"

"పాతది ఏదో ఒకటి. అరవై రెండు ఎయ్యి. బాగుంటాది."

అతను వెళ్ళాక చిలకమ్మ అంది, "రాజు అన్నయ్యని ఒక మాట అడుగు."

దేముడు సరే అన్నాడు. అడగలేదు. కొత్త రేకు మీద ఖరగ్‌పూర్, అరవై రెండు, ఎస్.ఆర్. అని కోశాడు. నున్నటి టేకు మీద, ముందు వైపు, మొదటిసారి తెల్లరంగు అద్దాడు. రేకు ఎత్తి చూశాడు. అంచులు చెదరలేదు. అంత బాగా ఎప్పుడూ పడలేదు. కోచ్‌ల మీద వేసే, మళ్ళీ రావలసిన తేదీ వెయ్యలేదు. వెయ్యమని ఎవరూ అడగలేదు.

రాజు కళ్ళ డాక్టర్ దగ్గరికని ఊళ్ళో పూరీ గేట్ వైపు వెళ్ళాడు. అక్కడ కొత్తగా పెట్టిన కాఫీ కొట్టులో, అద్దం వెనక, బల్ల మీద ఒక రేడియో ఉంది. అందులోంచి ఇంగ్లీషు పాట వస్తోంది. రాజు లోపలికి వెళ్ళాడు. దాని ముందు నిలబడి తన అక్షరాలు చదువుకున్నాడు. వెనక్కి వెళ్ళి చిల్లుల్లోంచి చూశాడు. ఆకుపచ్చ బోర్డు ఒకటి, నీలం దీపం ఒకటి. వెనక అట్ట మీద చెయ్యి వేశాడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి, చెయ్యి పెట్టొద్దు దాదూ, ఖరీదైనది, పాతది అంది.

ఆ సాయంత్రమే దేముడి వరండాకి వచ్చాడు. కూర్చోలేదు.

"దేముడూ, అరవై రెండులో నాను ఏటి సేస్తన్నానో తెలుసేటి?"

దేముడు గుడ్డ ఉండ కింద పెట్టాడు.

"మూడో తరగతి. గోళీలాడుతన్నాను. ఆ యేడే రేడియో బాగుసేసినానంట. పూరీ గేట్‌లో రాసుంది."

"తేదీ ఆ కుర్రాడు సెప్పినాడు."

"అచ్చరాలు?"

చిలకమ్మ టీ తెచ్చింది. ఆమె చేసినది కాబట్టి రాజు తాగాడు. గ్లాసు గట్టు మీద పెట్టాడు.

"నన్నొక మాట అడిగితే ఏటి పోను?"

"అడిగితే వద్దనీవోడివి."

"అవును."

"అందికే అడగనేదు."

రాజు వరండాలోని పెట్టెలు చూశాడు. అన్నిటికీ ముందు వైపు అతని అక్షరాలే.

"నాను బతికే ఉన్నాను గదరా," అన్నాడు. "సచ్చినాక ఏసుకోకపోనావా. లోపల సూడకుండా రంగేసినోణ్ణి మనం షాపులో ఏటి సేసినాం?"

అప్పుడు దేముడు లేచాడు. గొంతు పెంచలేదు.

"నా సర్వీసంతా ఊళ్ళో వోళ్ళ పేర్లు నాను రాసినాను. షాపు పేరు, సెక్షను పేరు, ఆఫీసర్ల పేర్లు తలుపుల మీద. ఇంటికొస్తే నీ పేరు. ఎన్ని సెట్లు రాజూ? ఒక్కదాని మీద, ఈ దేముడిది కూడా ఒక అచ్చరం ఎయ్యమన్నావా నువ్వు?"

"నువ్వడగనేదు."

"నువ్వు అడగాల. తల ఊపీవోడివి నువ్వు."

రాజు దగ్గరున్న పెట్టె మీది తన అక్షరాల్ని వేలితో తడిమాడు. చివరికి అన్నాడు,

"అవును. తప్పే. ఇప్పుడెయ్యి. సెక్క నీది, మెరుపు నీది, అందులో అబద్ధం నేదు. నీ అచ్చరం ఎయ్యి, పెద్దదిగా ఎయ్యి. నాది తీసెయ్. వద్దు నాకు."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతని కోసం ఉంచిన లోపలి భాగాల సంచీ తీసుకెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్న దేముడు రేకు కోశాడు. ఖరగ్‌పూర్. కింద ఆ యేటి తేదీ, నిజమైనది. ఆ కింద డి. ఒక్క అక్షరమే అయినా చాలాసేపు పట్టింది. గుండ్రం ఎక్కడ తిరగాలో చేతికి తెలియలేదు, ఎప్పుడూ ఆ అక్షరాన్ని ఒంటరిగా కొయ్యలేదు. సిద్ధంగా ఉన్న పెట్టెలన్నిటికీ పాత అక్షరాలు తుడిచి కొత్తది అద్దాడు. చిలకమ్మ వచ్చి చూసింది. ఆమెకి ఇంగ్లీషు రాదు.

"ఇది నీదా?"

"నాదే."

"బాగుంది," అంది.

పెట్టెలు ప్రేమ్‌కుమార్ మనిషి వచ్చి తీసుకెళ్ళాడు. కొద్ది రోజులకి అవే పెట్టెలు ఆటోలో తిరిగి వచ్చాయి. వెనకే ప్రేమ్‌కుమార్ వచ్చాడు. కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు.

"ఇదేటి మావయ్యా? డి అంటే ఎవడు?"

"నాను."

"నువ్వు సరే. కొనీవోళ్ళు ఏటంటున్నారో తెలుసా? ఎస్.ఆర్. నేదు, ఇది నకిలీ అంటున్నారు. డబ్బులు వాపస్ అడుగుతున్నారు. తేదీ కూడా ఈ యేడాదిది ఏసినావు. ఎవడైనా ఏస్తాడా?"

"అది నిజం తేదీ."

"ఠీక్ హై, నిజమే. నిజం ఎవడడిగినాడు?" ప్రేమ్‌కుమార్ బల్ల మీద కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. "సూడు మావయ్యా. నీ పాలిష్ నాకు గావాలి. ఆ రెండచ్చరాలూ గావాలి. నేకపోతే కలకత్తాలో మెషీన్ పాలిష్ ఉంది, స్టిక్కర్లు కొట్టిస్తాను. నువ్వు పెద్దోడివి. నీకు నాను సెప్పక్కర్లేదు."

అతను వెళ్ళిపోయాడు. పెట్టెలు వరండాలోనే ఉన్నాయి.

దేముడు మధ్యాహ్నం దాకా వాటి మధ్య కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే తర్వాత అన్నాడు. ఎండ వరండాలోకి వచ్చి, చెక్క మీద పడి, మెరిసింది. ఆ మెరుపులో తన అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటే గాని కనబడలేదు.

అప్పుడు సీసా తీసి గుడ్డ మీద స్పిరిట్ పోశాడు. లక్క మీద వేసిన రంగు స్పిరిట్ తగిలితే నిలవదు. ఒక్క రుద్దుకే పోయింది. ఒక్కొక్క పెట్టే తుడుచుకుంటూ వచ్చాడు. గుడ్డ తెల్లబడింది. తుడిచిన చోట మళ్ళీ పాలిష్ పట్టి, ఆరనిచ్చాడు. లోపలికి వెళ్ళి అరవై రెండు, ఎస్.ఆర్. ఉన్న పాత రేకు తెచ్చాడు.

చిలకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇప్పుడైనా అన్నయ్యని అడిగి ఎయ్యి," అంది.

"అడిగినట్టే కదా," అన్నాడు దేముడు. "వద్దన్నాడు."

రేకును చెక్కకి ఆనించి, కుంచె రంగులో ముంచాడు.