అమ్మోరి సంబరం గురించి అడిగాను

అరవైల్లో ఖరగ్‌పూర్‌లో తెలుగు వకీలంటే కూలీల తరఫునే ఉంటాడని మనవాళ్లకో నమ్మకం. నేను యజమానుల తరఫున వాదించేవాణ్ణి. అయినా బజార్లో కనబడితే దండాలు పెట్టేవారు. చచ్చేంత సిగ్గేసేది.

మలంచా పేట దాటాక ఒక ఇనుప పోత కర్మాగారం ఉండేది. అక్కడ కొలిమి దగ్గర పనిచేసే శ్రీకాకుళం మనిషి ఒకడు జ్వరమని చెప్పి వారం రోజులు రాలేదు. సొంతూరు వెళ్లాడని యజమాని అనుమానం, రుజువు మాత్రం లేదు. అబద్ధమని తేలితే ఉద్యోగం ఊడుతుంది. పూరీ గేట్ దగ్గర అద్దె గదిలో పెళ్లాం, పిల్లలు.

యజమాని తరఫున నేనూ కూర్చున్న విచారణలో బెంగాలీ మేనేజరు హిందీలో ఎంత గుచ్చి అడిగినా అతను "బుఖార్ థా, సాబ్" అన్న ముక్క వదల్లేదు. నాకు ఒళ్లు మండింది, అతని మీద కాదు, ఆ మేనేజరు చేతగానితనం మీద. ఇవతలికి జరగవయ్యా, నేను చూపిస్తాను అనుకున్నాను. అంత పొగరు.

అతను పనికి రాని వారమే వాళ్ల ఊళ్లో గ్రామదేవత సంబరం. ఆడవాళ్లు అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతారు. మాదీ ఆ వైపే, నా చిన్నప్పుడు మా అమ్మా ఎత్తింది. ఘటమెత్తిన ఇంటివాళ్లు ప్రాణం పోయినా ఎత్తలేదని అనరు. అంటే అమ్మవారిని కాదన్నట్టే. ఆ సంగతి ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

"ఏటి మావా, ఈ ఏడు అమ్మోరి సంబరం బాగా జరిగినాదా? ఘటం ఎవులెత్తినారు?" అని అడిగాను.

అతని మొహం వెలిగిపోయింది. "మా ఇంటిదే ఎత్తినాది బావూ. తూలిపోకండా నాను పక్కనే నడిసినాను."

మేనేజరుకు ఆ మాటల్ని నేనే హిందీలో చెప్పాను. అమ్మవారి పేరు చెప్పి ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేశాను. ఛీ, అదీ ఒక చదువేనా.

బయట వరండాలో అతను నా కోసం నిలబడి ఉన్నాడు. మన భాషలో అడిగినవాడు మన మంచికే అడుగుతాడనుకున్నాడు.

"మీరు మనోరని ఏటీ దాసనేదు బావూ. సరిగ్గానే సెప్పినానా?"

"సరిగ్గానే చెప్పావు."

"అయితే రేపు డూటీకి వచ్చీమంటారా?"

మేనేజరు గారిని అడగమని చెప్పి రిక్షా ఎక్కేశాను.