మూడు కత్తెరల కోసం రిఫా దాకా

"అన్నయ్యా, నిత్యకి మూడో ఏడు వెళ్ళిపోతోంది. ఈ శుక్రవారం పుట్టు వెంట్రుకలు తీయిస్తున్నాం. మొదటి మూడు కత్తెరలు మేనమామే వెయ్యాలి. నువ్వు రాకపోతే మా అత్తగారు ఇంకెవరినో కూర్చోబెట్టేస్తారు," అని మా చెల్లెలు బహ్రెయిన్ నుంచి ఫోన్ చేసింది. మూడు కత్తెరల కోసం సముద్రం దాటడమేమిటని నవ్వబోయాను. కానీ ఆ 'ఇంకెవరినో' అన్న మాట అది మళ్ళీ అంది. కాలేజీలో సెలవు పెట్టి, వీసా కోసం కంప్యూటరు ముందు కూర్చున్నాను.

మా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న కెన్యా నుంచి విశాఖపట్నం చదువుకోవడానికి వచ్చి, అమ్మని చేసుకుని, తిరిగి వెళ్ళడం మరిచిపోయిన మనిషి. శనివారం అమ్మతో వెంకటేశ్వరస్వామి గుడికి, ఆదివారం నాన్నతో చర్చికి వెళ్తూ పెరిగాం. నా పేరు డేవిడ్ సూర్యనారాయణ, చెల్లెలి పేరు రూత్ లక్ష్మి. నాన్న రంగూ జుట్టూ రెండూ నాకే వచ్చాయి. చెల్లెలికి అమ్మ రంగు వచ్చింది, జుట్టు మాత్రం నాన్నదే. పెళ్ళయ్యాక దాని పేరులో రూత్ పోయింది, జుట్టులో ఉంగరాలు రోజూ పొద్దున్నే ఇస్త్రీ యంత్రం కింద పోతున్నాయి. వాళ్ళ అత్తగారు శకుంతలగారు నన్ను పెళ్ళిలో చూశారు. పెళ్ళి ఫొటోల్లో మాత్రం చూసి ఉండరు, ఎందుకంటే వాటిలో నేను లేను.

మంగళవారం రాత్రి విశాఖలో రైలెక్కి, బుధవారం పొద్దున హైదరాబాదులో దిగి, పదింటి విమానం అందుకున్నాను. పక్క సీటాయన ఇంగ్లీషులో ఏ దేశమని అడిగాడు. మద్దిలపాలెం అన్నాను. అది ఆఫ్రికాలో ఏ మూల అన్నాడు. నాలుగున్నర గంటల ప్రయాణం. ఇచ్చిన ఉప్మా చల్లగా ఉంది, టీ బాగుంది.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. పన్నెండింటికి దిగాను. బావ కిరణ్ తనకు తెలిసిన డ్రైవర్ని పంపాడు. జగిత్యాల ఖాజా భాయ్. బయట ఆయన 'సూర్యంగారు' అని రాసిన అట్ట పట్టుకుని నా ముందు నుంచే రెండుసార్లు వెళ్ళాడు. మూడోసారి ఎదురు నిలబడి, "నేనే సూర్యాన్ని," అన్నాను.

"అరే భాయ్, ఏమనుకోకుండ్రి. నేను సూడానోళ్ళనుకున్న," అని సామాను అందుకున్నాడు. "నేను దుబాయొచ్చి పన్నెండేండ్లయె, గిసుంటి తెలుగాయన్ని సూడలే."

ఇది బహ్రెయిన్ కదా అన్నాను. "అదే భాయ్, దుబాయే," అన్నాడు. చెల్లెలి వాళ్ళుండే రిఫా దాకా అరగంట. దిగేటప్పుడు ఎనిమిది దీనార్లు తీయబోతే, బావ ముందే ఇచ్చేశాడని చెయ్యి అడ్డం పెట్టాడు.

శకుంతలగారు చెడ్డమనిషి కాదు. గుమ్మంలోకి రాగానే కాళ్ళకు నీళ్ళిచ్చి, గుత్తివంకాయ కూర, పప్పుచారు కొసరి కొసరి వడ్డించారు. నిత్య కుర్చీ ఎక్కి నా తల తడిమి, "మామయ్యకి నా జుట్టుంది," అంది. ఆ పిల్ల తలనిండా మా నాన్న ఉంగరాలే.

"శుక్రవారంతో పోతుందిలేమ్మా," అన్నారు శకుంతలగారు, నా కంచంలో మరో వంకాయ వేస్తూ. "నున్నగా గుండు చేయిస్తే కొత్తది సాఫీగా వస్తుంది నాయనా. తలనీలాలు ఇస్తానని స్వామికి మొక్కుకున్నాను. మళ్ళీ ఏడాదిగ్గానీ వీళ్ళకి సెలవు దొరకదు. అందుకే ఇక్కడే తీయించి, జుట్టు తిరుపతికి పంపిద్దామని." వంకాయ చాలా బాగుంది. సగంలోనే చెయ్యి కడిగేశాను.

గురువారం సాయంత్రం నాలుగింటికి కిరణ్ మీనా సల్మాన్ ఓడరేవులో డ్యూటీ దిగివచ్చి, నన్ను కారులో జల్లాఖ్ తీసుకెళ్ళాడు. పడమటి ఒడ్డు, ఆ పూట అల కూడా పెద్దగా లేదు. చూడదగ్గ చోటే. అయితే చూపించడానికి తీసుకురాలేదని కాసేపటికి తెలిసింది.

"బావా, ఏమనుకోకు. అమ్మ మా ఆఫీసు సుబ్బారావుగారిని కూర్చోమని అడిగింది. ఆయనదీ మీ అమ్మగారిదీ ఒకే ఊరట. ఊరి వరసన మేనమామ అవుతారట."

"మరి నేను?"

"నువ్వు చర్చికి కూడా వెళ్తావు కదా. పంతులుగారు అభ్యంతరం చెబుతారేమోనని."

"చెప్పారా?"

"చెబుతారేమోనని."

నాకు ఒళ్ళు మండిపోయింది. చర్చికి మా చెల్లెలు కూడా వెళ్ళేది, దాన్ని కోడలిగా చేసుకోవడానికి ఏ పంతులూ అడ్డం రాలేదు. అడ్డం వస్తున్నది నా మొహమని అతనికీ తెలుసు. పాపం, అతను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చాక చెల్లెలు నా మొహం ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం సెలవు. తొమ్మిదింటికే పాతికమంది దాకా వచ్చారు. పంతులుగారు వారమంతా ఏదో ఆఫీసులో కంప్యూటర్ల పని చేసి, సెలవురోజు పంచె కడతారట. ఒక పట్టుచీర ఆవిడ తన సంచి నా చేతిలో పెట్టి, "భాయ్, ఇసే అందర్ రఖ్ దో," అంది. తీసుకెళ్ళి లోపల పెట్టాను. సుబ్బారావుగారు జరీ కండువా సర్దుకుంటూ పీట పక్కకి చేరారు.

అప్పుడు గదిలోంచి చెల్లెలు వచ్చింది. తలంటుకుని ఆరబెట్టుకుంది, అంతే. ఇస్త్రీ లేదు. జుట్టు భుజాల మీద ఉంగరాలుగా లేచి ఉంది. చంకలో నిత్య. పక్కపక్కన చూస్తే ఆ రెండు తలలూ ఒక్కటే. అది తిన్నగా వచ్చి నా చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టి, పిల్లని ఒళ్ళో పెట్టింది.

"వీరెవరమ్మా?" అన్నారు పంతులుగారు.

"మా అన్నయ్యండీ. తోడబుట్టినవాడు."

"ఆయన చర్చికి వెళ్తారండీ, అందుకని..." అని శకుంతలగారు నసిగారు.

"ఎక్కడికి వెళ్తారని నేనడగలేదు కదమ్మా. తోడబుట్టినవాడుండగా ఊరి వరసవాళ్ళు ఎందుకు? కానివ్వండి, వర్జ్యం వచ్చేస్తోంది."

సుబ్బారావుగారు ఫలహారాల బల్ల వైపు వెళ్ళారు. పట్టుచీర ఆవిడ పిల్లని చూసి, "అచ్చం మేనమామ పోలికే," అనేసింది. తెలుగువాళ్ళ నోట అలవాటుగా వచ్చేసే మాట. అన్నాక నాలిక కరుచుకుంది గానీ, మాట బయటపడిపోయింది. మూడు కత్తెరలూ వేశాను. పడిన కుచ్చుల్ని చెల్లెలు పసుపుబట్టలో పట్టింది.

మంగలి కత్తి తీశాడు. "చాలు," అంది చెల్లెలు.

శకుంతలగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "స్వామి మొక్కే అమ్మాయ్. పిల్లకేమన్నా అయితే?" అన్నారు. ఆ భయం నటన కాదు. ఆమె మీద నాకున్న కోపం అక్కడ సగం దిగిపోయింది.

"అత్తయ్యగారూ, మేనమామ ఇస్తే మొక్కు తీరదా? నేను తిరుపతి వెళ్ళి ఇస్తాను. జుట్టు ఒకటే కదా," అన్నాను. పంతులుగారు తల ఊపారు. ఆవిడ నా తలని కాసేపు పరీక్షగా చూసి తేలికపడ్డారు. "పోనీలే నాయనా, నీకు కూడా సాఫీగా రావచ్చు," అన్నారు. దీవెనే అయి ఉంటుంది.

శనివారం ఖాజా భాయ్ విమానాశ్రయంలో దింపాడు. తనిఖీ దగ్గర ఒక అధికారి పసుపుబట్ట విప్పి, ఆ కుచ్చుల్నీ నా తలనీ మార్చి మార్చి చూసి, మీ పాపవా అని ఇంగ్లీషులో అడిగాడు. మా పాపవే అన్నాను. మడతపెట్టి జాగ్రత్తగా ఇచ్చాడు. ఈ ప్రయాణం మొత్తంలో ఎవరూ చెప్పకుండానే మా చుట్టరికం ఒప్పుకున్నది ఆయనొక్కడే.

హైదరాబాదు నుంచి తిరుపతికి రైలు, అక్కణ్ణించి కొండ మీదికి బస్సు. సోమవారం పొద్దున ఏడింటికి కల్యాణకట్టలో తల ఇచ్చేసి, పసుపుబట్టలోవీ అందులోనే కలిపాను. కలిశాక ఏవి ఎవరివో పోల్చలేకపోయాను. నా మటుకు నాకు దణ్ణం అక్కడ బాగానే కుదిరింది. ఆదివారం నాన్న చర్చికి గుండుతో వెళ్ళాలి, చూడాలి ఏమంటారో.

బహ్రెయిన్ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది తక్కువే. రిఫా నుంచి ఎక్కడికెళ్ళాలన్నా కారుండాలి. జల్లాఖ్ సాయంత్రం పూట బాగుంటుంది. మనవాళ్ళు అక్కడ కూడా అచ్చం మనవాళ్ళలాగే ఉన్నారు, మంచికీ చెడుకీ.

విశాఖ వెళ్ళే రైల్లో ఉండగా చెల్లెలి ఫోన్ వచ్చింది. తెరమీద దాని జుట్టు ఇంకా ఉంగరాలుగానే ఉంది. నిత్య నా గుండు చూసి బిక్కమొహం వేసింది.

"మామయ్యా, నా జుట్టేది?"

"స్వామికిచ్చానమ్మా."

"మళ్ళీ ఇస్తాడా?"

వెనక శకుంతలగారు చిక్కుళ్ళు ఒలుస్తూ చెయ్యి ఆపారు. అది చూసి కొంచెం గట్టిగానే చెప్పాను.

"ఇస్తాడమ్మా. ఏది తీసుకున్నాడో అదే ఇస్తాడు."