తూకం మేడం రెండో పార్శిల్

పోస్టాఫీసులో పార్శిళ్ళ కౌంటరు దగ్గర కూర్చునే ఆవిణ్ణి ఊళ్ళో అందరూ తూకం మేడం అంటారు. ఎవరైనా డబ్బా తెచ్చి కిటికీలో పెడితే, యంత్రం మీదికి ఎక్కించక ముందే చేత్తో ఒకసారి ఎత్తి చూసి "నాలుగు కిలోల ఆరువందలు" అనేస్తుంది. తర్వాత యంత్రం కూడా బుద్ధిగా అదే అంకె చూపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఈలోగా యంత్రం రెండుసార్లు పాడైంది గానీ ఆవిడ చెయ్యి పాడవలేదు.

ఆ ఊరి నుంచి సైన్యంలో చేరినవాళ్ళు ఎక్కువ. అంచేత ఆ కిటికీ ముందు నిలబడేవాళ్ళలో సగం మంది సరిహద్దులో ఉన్న కొడుక్కో, తమ్ముడికో, మొగుడికో ఏదో ఒకటి పంపడానికి వచ్చినవాళ్ళే. వాళ్ళందరికీ ఆవిడంటే హడలు. సీసాలు కుదరవు. కారేవి కుదరవు. వేడి చల్లారకుండా కట్టిన తిండి అసలే కుదరదు, దారిలో బూజు పడుతుంది. కట్టిన డబ్బా విప్పించి, ఒక్కోటీ బయటికి తీయించి, "ఇది వాళ్ళకి అక్కడే దొరుకుతుంది, ఇది పగులుతుంది, దీనికి పదిహేను రోజుల్లో పురుగు పడుతుంది" అని తేల్చిపారేసేది. బతిమాలినా లాభం లేదు. మొగుడికి ఊరగాయ సీసా పంపబోయిన ఒక కొత్త పెళ్ళికూతురు కౌంటరు ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఏడిస్తే బరువు తగ్గదమ్మా" అన్నదట. ఆ మాట ఊరంతా తిరిగింది. అన్నందుకు ఆవిడ ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్ళిందన్న సంగతి మాత్రం ఎక్కడా తిరగలేదు. ఊరి తీరే అంత.

చెడ్డమనిషి కాదు. ఆవిడ చేతి మీదుగా వెళ్ళిన పార్శిల్ ఒక్కటీ దారిలో విచ్చిపోలేదు. ఆవిడ దృష్టిలో మనిషి మీద ప్రేమ అంటే అదే, పంపింది పంపినట్టు చేరడం.

తన కూతురే సైన్యంలో చేరుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఒక్కతే కూతురు. తండ్రి బస్సు డ్రైవరు. చిన్నప్పటి నుంచి పిల్ల ఆయన వెంటబడి డిపోకి వెళ్ళి, బస్సుల కింద దూరి, ఒంటినిండా మసి పూసుకుని వచ్చేది. సైన్యంలో లారీలు బాగుచేసే ఉద్యోగానికి పరీక్ష రాసిందన్న విషయం, పాసయ్యాక గానీ ఇంట్లో చెప్పలేదు. తల్లి నెలరోజులు మాట్లాడలేదు. బయల్దేరే రోజు బస్టాండుకి కూడా రాలేదు. "సెలవు ఇవ్వలేదు" అని ముక్తసరిగా చెప్పి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి, ఆఫీసుకి వెళ్ళిపోయింది.

అది జరిగి ఎనిమిది నెలలైంది. పిల్ల ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది, తండ్రికి. తల్లి వంతు వస్తే "తిన్నావా?" "తిన్నాను." అంతటితో సరి. ఇంకో మాట కోసం ఇద్దరూ కాసేపు వెతుక్కుంటారు, దొరక్కపోతే ఫోను చేతులు మారుతుంది.

చలికాలం మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం డ్రైవరుగారు బూట్లు విప్పుకుంటూ అన్నాడు.

"ఊరందరి డబ్బాలకీ వంకలు పెడతావు కదా. మన పిల్లకి నువ్వే ఓ డబ్బా కట్టి పంపకూడదూ?"

"చూద్దాంలెండి" అందావిడ. ఎవరో ఒకరు ఆ మాట అనకపోతారా అని ఎన్నాళ్ళుగానో కాచుకుని కూర్చున్న మనిషి అన్నట్టుగా, మర్నాడే సరుకులన్నీ తెచ్చేసింది.

ఆ పార్శిల్ చూసి తీరవలసిందే. ఆరు సబ్బులు, నాలుగు జతల మందపాటి మేజోళ్ళు, పాదాలకి చల్లుకునే పొడి, పెదవులు పగలకుండా రాసుకునే మందు, సూదులు, దారం, గుండీలు, గ్లూకోజు పొట్లాలు. ఒక్కోటీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సందుల్లో కాగితం కుక్కి, ఊపితే చప్పుడు రాకుండా సర్దింది. గోధుమరంగు కాగితం చుట్టి, అంచులు మడిచి, తాడు నాలుగు వైపులా బిగించింది. సరిగ్గా ఐదు కిలోలు, ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు. పైన కూతురి సర్వీసు నంబరు, దళం పేరు గుండ్రటి అక్షరాలతో రాసింది. పంపినవారి చిరునామా దగ్గర మాత్రం, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ, చెయ్యి దానంతటదే రబ్బరు స్టాంపు మీదికి పోయింది. టప్‌మని పోస్టాఫీసు ముద్ర కొట్టేసింది. ఉత్తరం పెట్టాలన్న ఆలోచనే రాలేదు. పార్శిల్లో ఉత్తరం పెట్టకూడదని రోజుకి పదిమందికి చెప్పే నోరు కదా అది, ఉత్తరానికి వేరే బిళ్ళ అతికించాలని.

మూడు వారాల తర్వాత ఆదివారం ఫోను మోగింది. డ్రైవరుగారు గడ్డం గీసుకుంటున్నాడేమో, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. ఆవిడ పక్కనే బట్టలు మడతపెడుతోంది.

"మొన్న మాకు ఓ డబ్బా వచ్చింది నాన్నా" అంది పిల్ల హుషారుగా. "నా పేరు మీదే పంపారు గానీ అమ్మావాళ్ళ ఆఫీసు నుంచి వచ్చిన సరుకులే, పైన పోస్టాఫీసు ముద్ర కూడా ఉంది. ఎంత పద్ధతిగా సర్దారనుకున్నావ్! చీటీ ఏమీ లేదు. అందరికీ అని ఉంటుందని అక్కడే విప్పి పంచేశాం. నా వాటాకి సూదీ దారం వచ్చాయి."

డ్రైవరుగారి చేతిలో బ్లేడు ఆగిపోయింది. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని.

"అది సరే గానీ, సెలవుకి ఎప్పుడొస్తున్నావు తల్లీ?" అన్నాడాయన తేరుకుని.

"వచ్చే నెల్లో ఇస్తారు నాన్నా. కానీ ఇక్కడ ఓ నేస్తం వాళ్ళ ఊరు రమ్మంటోంది. అక్కడికే వెళ్తానేమో. ఇంటికొచ్చినా అమ్మకి డ్యూటీయే కదా."

వెటకారంగా అనలేదు. మామూలుగా అంది. అదే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ మడతపెట్టిన చొక్కా వంకరగా వచ్చింది.

మర్నాడు కౌంటరుకి వాచీలు బాగుచేసే పెద్దాయన వచ్చాడు. ఆయన కొడుకు కూడా సరిహద్దులోనే ఉన్నాడు. నెలకో డబ్బా తెస్తాడు, నెలకోసారి ఆవిడతో పోట్లాడతాడు. విప్పి చూస్తే లోపల ఎప్పుడూ చెత్తే. తెగిన చెప్పు ఒకటి, పక్కింటి కుక్క ఫొటో, సగం నింపిన గళ్ళనుడికట్టుతో పాత పేపరు. ఈసారి కూడా పేపరుంది.

"ఏం బాబాయ్, నెల కిందటి పేపరు పంపితే అక్కడ ఏం చేసుకుంటాడు?" అని నెలనెలా అడిగే మాటే అడిగింది. గొంతులో మాత్రం కసురు లేదు.

"మిగతా సగం వాడు నింపి తిప్పి పంపుతాడు మేడం. అన్నీ తప్పులే రాస్తాడు వెధవ. వచ్చే డబ్బాలో నేను తిడుతూ చీటీ పెడతాను."

"మరి సబ్బులూ అవీ?"

"సబ్బులు వాళ్ళకి సర్కారు ఇస్తుంది. ఇంటిదగ్గర తనని తల్చుకుని విసుక్కునేవాళ్ళు ఉన్నారన్న నమ్మకం, అది సర్కారు ఇవ్వగలదా?"

ఆవిడ డబ్బా మూసి, మారుమాట లేకుండా రసీదు కోసి ఇచ్చింది. పెద్దాయన నమ్మలేక రసీదు రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ కూతురి గదిలో మంచం మీద కూర్చుని అలమర తెరిచింది. ఊళ్ళో ఎవరి కొడుక్కి ఏ బిస్కెట్ ఇష్టమో ఆవిడకి కంఠతా వచ్చు, రోజూ చూస్తుంది కనక. తన కూతురికేం ఇష్టమో ఆలోచిస్తే ఒక్కటీ గట్టిగా చెప్పలేకపోయింది. సిగ్గేసింది. సిగ్గుకన్నా భయం ఎక్కువేసింది. ఈ సెలవుకి వేరే ఇంటికి పోయిన పిల్ల, పై సెలవుకీ పోతుంది. ఆ తర్వాత అదే అలవాటవుతుంది. తనకి మిగిలేది ఆదివారం నాటి ఒక్క "తిన్నావా" మాత్రమే.

మొగుణ్ణి పిలిచింది. "దానికేం ఇష్టమండీ?" అని అడిగింది, ఎదురింటి పిల్ల గురించి అడిగినట్టు. ఆయన నవ్వలేదు. పక్కన కూర్చుని ఒక్కోటీ చెప్పాడు.

రెండో డబ్బా కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఉత్తరం రాయబోయి కాగితాలు నాశనం చేసింది. "ప్రియమైన" దగ్గరే కలం మొరాయించింది, ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అలా పిలిచి ఎరగరు. చివరికి ఆఫీసు నుంచి పార్శిల్ లోపలి వస్తువుల పట్టిక ఫారం ఒకటి తెచ్చుకుంది. వరస సంఖ్య, వస్తువు, ఎన్ని, వివరం. గళ్ళు కనిపించేసరికి చెయ్యి కదిలింది.

ఒకటి. బూడిదరంగు స్వెట్టరు, ఒకటి. మోచెయ్యి దగ్గర చిరిగింది. నేను కుట్టబోతే అరిచేదానివి. కుట్టలేదు.

రెండు. బిస్కెట్లు, ఒక డబ్బా. నీకు విరిగినవే ఇష్టమని నాన్న అన్నారు. కొన్నవన్నీ బాగున్నాయి, నేనే కూర్చుని విరిచాను. నిజంగా ఇష్టమేనా? నాకు తెలియదు.

మూడు. నాన్న డ్యూటీ టోపీ, ఒకటి. ఉతకలేదు. ఉతకొద్దన్నారు.

నాలుగు. సబ్బులు, లేవు. మొదటి డబ్బా ఆఫీసుది కాదు. నాది.

ఐదో వరస దగ్గర చాలాసేపు కూర్చుంది. తర్వాత రాసింది. "ఆ రోజు సెలవు ఇచ్చారు. నేనే రాలేదు." ఎన్ని అన్న గడి ఖాళీగా వదిలేసింది.

డబ్బా ఊపితే గలగలమంది. ఆవిడ దాన్ని అలాగే కట్టి, పంపినవారి దగ్గర స్టాంపు పక్కకి నెట్టి, కలంతో "అమ్మ" అని రాసింది. చట్టప్రకారం ఆ చిరునామా చెల్లదు. వేరే ఎవరైనా రాసుకొస్తే కచ్చితంగా తిప్పి పంపేది.

ఆ తర్వాత వచ్చిన రెండు ఆదివారాలూ ఫోను రాలేదు. అక్కడ మంచు కురిసి లైన్లు పనిచెయ్యడం లేదని డ్రైవరుగారు చెప్పాడు. ఆవిడ నమ్మినట్టు తలూపింది. ఆ ఐదో వరస రాయకుండా ఉండాల్సిందేమో అని లోపల కుమిలిపోయింది.

మూడో వారం గురువారం నాడు, ఆవిడ కౌంటరులో ఉండగా ఫోను మోగింది. ఎదుట వరసలో ఏడుగురు నిలబడి ఉన్నారు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనిది, కిటికీ తలుపు వేసేసింది.

"బిస్కెట్లు మరీ పొడి చేశావమ్మా" అంది పిల్ల.

ఆవిడ ఫోను రెండు చేతులా పట్టుకుంది. పిల్లే మళ్ళీ అందుకుంది.

"సెలవు సంగతి నాకు ఆ రోజే తెలుసు. మీ పోస్టుమాస్టరు గారు బస్టాండుకి వచ్చారు. రోజంతా సెలవిచ్చాను, మీ అమ్మ ఇంకా రాలేదేంటమ్మా అని నన్నే అడిగారు."

పిల్ల బయల్దేరిన ఆ ఉదయం పోస్టుమాస్టరు ఆలస్యంగా ఎందుకొచ్చాడో, తనని కౌంటరులో చూసి కూడా ఏమీ అనకుండా గదిలోకి ఎందుకు వెళ్ళిపోయాడో ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేమే?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను. ఎందుకు రాలేదమ్మా? అంత కోపమా నా మీద?"

"కోపం కాదే." తలుపవతల వరసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తుందని తెలిసినా ఆవిడ గొంతు తగ్గించలేదు. "వస్తే నిన్ను పోనిచ్చేదాన్ని కాదు. బస్సు కదిలితే దాని వెనకాల ఏడుస్తూ పరిగెత్తేదాన్ని. ఊరంతా చూసేది. నీ పరువు పోయేది. అందుకని రాలేదు."



"పరిగెత్తాల్సిందమ్మా" అంది పిల్ల. "ముందు సీట్లన్నీ ఖాళీగా ఉన్నా, నేను వెళ్ళి వెనక అద్దం దగ్గర కూర్చుంది అందుకే."