గాలి చొరని ఇల్లు

చెమటకు చొక్కా వీపుకి అంటుకుపోయే కొల్లేటి పక్క ఊళ్ళో, మంచు ప్రాంతానికి పనికొచ్చే ఇల్లు కట్టుకున్న మనిషిని నేను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

ఇరవై రెండేళ్ళు సైన్యంలో కట్టడాల విభాగంలో పనిచేశాను, ఎక్కువ కాలం లడఖ్‌లోనే. జవాన్ల గదులకు తలుపులూ కిటికీలూ ఎంచి పెట్టించడం నా పని. మొదటి చలికాలం నా గది కిటికీ చెక్క ఎండిపోయి ఓ మూల వేలు పట్టేంత సందు పడింది. పొద్దున లేచేసరికి దుప్పటి అంచు మీద మంచు పొడి. ఆ ఏడు పట్టిన దగ్గు ఉగాది దాటాక గానీ వదల్లేదు. అప్పటినుంచీ నాకు సందు అంటే పగ.

పోనుపోను ఆ విద్యలో ఆరితేరాను. ఉత్తరం వైపు కిటికీ పెట్టకూడదు, తప్పకపోతే చిన్నది పెట్టాలి. ఎండ పడే దక్షిణం వైపు పెద్దది ఉండాలి. ఒక్క అద్దం చాలదు. రెండు అద్దాలు వేసి వాటి మధ్య గాలిని బంధించాలి. ఇనుప చట్రం చలిని లోపలికి మోసుకొస్తుంది కాబట్టి చెక్కో ప్లాస్టిక్కో వాడాలి. వీధి తలుపు ఒకటైతే నాలుగడుగులు లోపల ఇంకొకటి. మొదటిది మూశాకే రెండోది తీయాలి. అంచులన్నిటికీ రబ్బరు పట్టీలు. అంతా అయ్యాక అగరొత్తి వెలిగించి చట్రం చుట్టూ తిప్పేవాణ్ణి. పొగ వంకర పోకుండా నిటారుగా లేస్తే నేను గెలిచినట్టు.

మా ఆవిడది కొల్లేటి లంక ఊరు. మాకు పిల్లల్లేరు. నేను అక్కడున్న ఏళ్ళన్నీ మా ఊళ్ళో పాత పెంకుటింట్లో ఒక్కతే ఉంది. ఫోన్‌లో "ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగితే నేను కిటికీల గురించి చెప్పేవాణ్ణి. పాపం, వినేది.

వాళ్ళ లంకలో పొద్దున్నే తీసిన తలుపు దీపాలు పెట్టే వేళకి గానీ మూయరు. పగలు తలుపు వేసి ఉందంటే ఆ ఇంట్లో ఎవరికో బాగోలేదని లెక్క. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏవండీ, అంతా బాగానే ఉన్నారాండీ?" అని కేకేస్తారు. బదులు రాకపోతే తోసుకుని లోపలికి వచ్చేస్తారు. ఆ అలవాటు మా ఆవిడ మా వీధికీ తెచ్చింది. నేను లేని రోజుల్లో ఆవిడకి దిక్కు ఆ తెరిచిన తలుపూ ఆ కేకలూనే. ఆ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

రిటైరై వచ్చి, ఊరి చివర చేపల చెరువుల పక్కనున్న మా స్థలంలో ఇల్లు మొదలుపెట్టాను. ఆవిడ అడిగింది ఒక్కటే. "దక్షిణం నుంచి కొల్లేటి గాలి వస్తుందండి. అటు ఓ అరుగూ, తీసిపెట్టుకునేలా ఓ పెద్ద కిటికీ పెట్టించండి. నాకింకేం వద్దండి."

దక్షిణం వైపు పెద్ద కిటికీయే పెట్టాను. తీయడానికి వీల్లేనిది.

తాడేపల్లిగూడెంలో అద్దాల కొట్టాయన, తాతల నాటి నుంచీ అద్దం కోసే సాయిబుగారు, రెండద్దాల కిటికీలకి నేను రాసిన కొలతల చీటీ చూసి కళ్ళజోడు తీసేశాడు. "మన దగ్గర చలెక్కడిదండీ? దోమలకి జాలీ కొట్టించుకోండి, చాలు." నేను ఆయనకే పాఠం చెప్పాను. చలిని ఆపేది వేడినీ ఆపుతుంది, ఏసీ చల్లదనం బయటికి పోదు అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. లెక్క తప్పితే దిద్దుకునేవాణ్ణి. ఆ ఇంట్లో ఉండబోయే మనిషి ఎవరన్నదే నేను చూడలేదు.

మేస్త్రి మాత్రం ఊరుకోలేదు. "చేపలకి ఐసు పెట్టె కడుతున్నారాండీ?" అన్నాడు. వాణ్ణి కసిరాను.

గృహప్రవేశం నాడు అందరి ముందూ అగరొత్తి పరీక్ష చేశాను. చేపల లారీ హారన్ కొట్టినా లోపలికి వినపడదని చూపించాను. భలే ఉందండీ అన్నారు. మా ఆవిడ కాఫీ గ్లాసులు సర్దుకుంటూ ఉండిపోయింది.

మొదట్లో ఇరుగుపొరుగువాళ్ళు గేటు దగ్గర నిలబడి కేకేసేవారట. లోపలికి వినపడితేగా! పగలు తలుపు వేసి ఉందని కంగారుపడి వచ్చి బాదారు కూడా. రోజూ వేసే ఉంటే ఇక కంగారెందుకు? ఒక్కొక్కరే మానేశారు. పాలావిడ గేటుకి తగిలించిన క్యారేజీలో పాలు పోసి వెళ్ళిపోయేది. మా ఆవిడ తలుపుకి ఇటుక అడ్డం పెట్టేది. నేను తీసి పారేసేవాణ్ణి. "చల్లదనమంతా పోతోంది!" అని అరిచేవాణ్ణి కూడా.

పోయిన వేసవిలో వీధి తలుపు రబ్బరు ఎండకు బిరుసెక్కి, కింద వెలుతురు గీత కనపడింది. ఆ గీత చూస్తే నాకు అన్నం సయించలేదు. కొత్త పట్టీల కోసం మొదటి బస్సుకే తాడేపల్లిగూడెం వెళ్ళాను. నేను వెళ్ళిన కాసేపటికే ఆవిడ స్నానాల గదిలో జారిపడింది. తుంటి విరిగింది. ఫోను వంటింట్లో ఉండిపోయింది. ఆవిడ అరుస్తుండగానే పాలావిడ వచ్చి పాలు పోసి వెళ్ళింది. పక్కింటావిడ గోడ అవతలే బట్టలు ఆరేసుకుంది.

మధ్యాహ్నం దాటాక పట్టీల సంచితో ఇంటికొచ్చాను. మొదటి తలుపు తీసినప్పుడు నాకూ ఏమీ వినపడలేదు. అది మూసి, రెండోది తీశాక వినపడింది. అప్పటికే ఆవిడ గొంతు పోయింది. చెంబుతో నేలను కొడుతోంది.

ఏలూరు ఆసుపత్రిలో ఆపరేషనైన మూడో రోజు నా వంక చూసి అంది: "ఎంత అరిచానోనండి. ఒక్కరికీ వినపడలేదు. మీరు బాగా కట్టారండి." అందులో ఎగతాళి లేదు. తిట్టినా బాగుండేది.

అట్నుంచి అటే లంకలో తమ్ముడింటికి వెళ్ళింది. "నడక వచ్చాక వస్తానండి" అంది. నడక వచ్చింది, తను రాలేదు. ఆదివారాలు నేనే వెళ్తాను. అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతివాళ్ళనీ పలకరిస్తుంటుంది. నన్ను "భోంచేశారాండీ?" అని అడుగుతుంది. అంతే.

రబ్బరు పట్టీలన్నీ చాకుతో నేనే పెరికేశాను. లోపలి తలుపు ఊడదీయించాను. సాయిబుగారే వచ్చి దక్షిణం కిటికీ అద్దాలు తీసి చెక్క రెక్కలు బిగించి వెళ్ళాడు. ఇప్పుడు పొద్దున్నుంచి దీపాల వేళ దాకా ఇల్లంతా తెరిచే ఉంటుంది.

నిన్న పొద్దున పాలావిడ వచ్చేసరికి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను. తలెత్తకుండా క్యారేజీలో పాలు పోసి సైకిలెక్కింది. "ఏవమ్మా!" అని పిలిచాను. ఇంకోసారి గట్టిగా పిలిచాను. ఈ ఇంట్లోంచి పిలుపు వస్తుందని ఆవిడ ఎందుకు అనుకుంటుంది? వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.