బామ్మర్ది పట్టిన తాడు

నల్లమలలో గురవమ్మ మొగుడు పెద్దులు తేనె కోసం కొండచరియకు వేలాడుతుంటే, పైన తాడు పట్టేది ఆమె తమ్ముడు లింగడు. చెంచుల కట్టడి అది. తోడబుట్టినవాణ్నయినా నమ్మరు, పెళ్లాం తమ్ముణ్నే నమ్ముతారు. అక్క ముండమోయాలని ఏ తమ్ముడు కోరుకుంటాడు?

పందొమ్మిది వందల నలభై రెండులో పట్నం నుంచి ఒక సినిమా దొర వాళ్ల గూడేనికి వచ్చాడు, చెంచు పిల్లల బతుకు మీద చిన్న చిన్న సినిమాలు తీస్తానని. కొల్లాపురం దశరథం వెంట ఉండి అతని మాటల్లోని ఉర్దూ ముక్కలు వీళ్లకు విడమర్చి చెప్పేవాడు. దొర పిల్లల మధ్య బెల్లం ముద్ద విసిరి, దానికోసం కొట్లాడమన్నాడు. గురవమ్మ బిడ్డ తొమ్మిదేళ్ల ఈరమ్మ దాన్ని రాతి మీద పగలగొట్టి ఆరుగురికీ పంచింది.

"సాలే! అడివోళ్లు పంచుకుంటరా? ఎవడు చూస్తడు దీన్ని?"

దొర కొట్టిన దెబ్బకు ఈరమ్మ చెంప ఛెళ్లుమంది. పిల్ల ఏడుస్తుంటే దొర కెమెరా పిడి తిప్పుతూనే ఉన్నాడు.

ఆ ఏడుపు పట్నం పోతుంది, టికెట్టు కొన్నవాళ్లు నవ్వుతారు. పోనివ్వనని గురవమ్మ అక్కడే ఒట్టు పెట్టుకుంది.

మూడోనాడు దొరకు తేనెపట్టును దగ్గర నుంచి సినిమా తీయాలని మోజు పుట్టింది. అన్ని బొమ్మలూ ఉన్న కెమెరా మెడకేసుకుని తానే దిగుతానన్నాడు.

"తాడు బామ్మర్దే పట్టాలె దొరా," అన్నాడు పెద్దులు.

"మీరందరు సాలేలే గదరా! ఎవడో ఒకడు పట్టుండ్రి!"

గురవమ్మ దశరథం వైపు తిరిగింది. "సాలే అంటె బామ్మర్దేనా?"

"ఔ. తిట్టు గూడ."

"అయితె మా తమ్ముడు పడ్తడు తియ్."

సగం దిగేసరికి ఈగలు లేచాయి. దొర కెమెరాను తేనెబుట్ట దించే పక్క తాడుకు కట్టి అరిచాడు: "ముందు దీన్ని గుంజుండ్రి! తెరిస్తె ఎండకు బొమ్మలన్ని పోతయ్, జర పైలం!"

గురవమ్మ గుంజింది. రాయితో మూత పగలగొట్టి, మేకపేగు తీసినట్టు లోపలి ఫిలిం చుట్టంతా మిట్టమధ్యాహ్నపు ఎండలోకి లాగి పరిచింది.

"నన్ను గుంజురా సాలే!"

"గుంజకు తమ్మీ, పట్టుకోని కూసో," అంది గురవమ్మ.

దశరథం ఆమె చేతులు పట్టుకున్నాడు. "సచ్చిపోతడమ్మా!"

"ఎట్ల సస్తడు? బామ్మర్ది పట్టిన తాడది, ఇడువడు. పైకెప్పుడు గుంజాల్నో మా కట్టడిల లేదు."

కింద మళ్లీ కేక. గురవమ్మ బిడ్డను ఒళ్లోకి లాక్కుని చరియ అంచున కూర్చుంది. "ఇను బిడ్డా," అంది, "మంచిగ ఇను."