నాలుగు కిరణాలూ ఒక కుంకుమబొట్టూ

విఘ్నములను తొలగించుటయందెంత నేర్పరియో, తలచుకొన్నప్పుడు కల్పించుటయందును అంతే నేర్పరియైన గజవదనునకు మ్రొక్కి, స్వస్తిశ్రీ సర్వజిత్తు నామ సంవత్సర భాద్రపద శుద్ధ చవితి, స్థిరవారం నాడు రాజమహేంద్రవరంలోని మా వీధి పందిట్లో జరిగినదానిని వ్రాస్తున్నాను.

మా బావమరిది ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖ ఇంజనీరుగా పనిచేసి అప్పుడే పదవీవిరమణ పొందాడు. ఒక్క గోదావరిని కాలువలుగా, కాలువలను పిల్లకాలువలుగా చీల్చే కొలువులో తల నెరిసినవాడు, శేషజీవితంలో నాలుగు వెలుగులను ఒక్కటిగా కలపాలని కంకణం కట్టుకొన్నాడు. చవితి పందిటి దీపాలంకరణ ఏళ్ల తరబడి అతని చేతిలోనిదే. ఆ ఏడు కమిటీవారు తణుకు నుండి కిరాయి దీపాలవారిని పిలిపిద్దామని గొణుగుతున్నారు. కార్యాలయం పోయింది, జీపు పోయింది. పదిమంది ‘ఇంజనీరు గారూ’ అని పిలిచే చోటు ఆ పందిరి ఒక్కటే మిగిలింది. అదీ పోతే అతడు పగలంతా మా ఇంట్లోనే కూర్చుని నాకు రాజకీయాలు వివరించే ప్రమాదం ఉన్నది. కనుక అతని ప్రయత్నం ఫలించాలని నేనూ మనసారా కోరుకొన్నాను.

గోడమీద లేజరు వెలుగుతో వినాయకుణ్ణి గీయాలని, ఊళ్లో పాడైన డీవీడీ రైటర్లనన్నిటినీ సేకరించి, వాటి పొట్టలు చీల్చి, మిరియపుగింజంత లేజర్ డయోడ్లను వెలికితీశాడు. ఒక్కొక్కటి ఇచ్చే ఎర్రని కిరణం ఎదుటి మేడగోడను చేరేసరికి నీరసించిపోతుంది. నాలుగూ కలిస్తే గాని గోడమీద వినాయకుడు కనబడడు. రెండేసి కిరణాలను చిన్న అద్దాలతో పక్కపక్కకు చేర్చి, ఆ రెండు జంటలనూ పాచిక వంటి ఒక గాజుముక్కలోనికి పంపాడు. ఒక జంట సూటిగా దాటిపోతుంది. రెండవది లోపల మలుపు తిరిగి దానితో ఏకమవుతుంది. అందుకు రెండవ జంట డయోడ్లను పక్కకు తిప్పి బిగించాలట.

“వెలుక్కి కూడా నిలువూ అడ్డమూ ఉంటాయండి బావగారూ,” అన్నాడు, సృష్టికర్త తనకు మాత్రమే చెప్పిన రహస్యంలాగ.

శ్రావణమంతా మరలు బిగించి, వదులుచేసి, మళ్లీ బిగించి, చివరకు నాలుగు చుక్కలనూ ఒక్క చుక్క చేశాడు. ఆ చుక్కను గోడమీద రెప్పపాటులో పరుగెత్తించి బొమ్మ గీసే రెండు కదిలే అద్దాలనూ అదే పెట్టెలో అమర్చాడు. ఆనాటి నుండి అతడు కాఫీ అడిగే స్వరం కూడా మారిపోయింది.

“ముహూర్తం చూడమంటావుటోయ్?” అన్నాను.

“ఇది ఫిజిక్సండి. దీనికి వర్జ్యాలూ దుర్ముహూర్తాలూ ఉండవు.”

చవితి సాయంత్రం వీధివీధంతా పందిట్లో చేరింది. కమిటీ అధ్యక్షులైన రైసుమిల్లు యజమానిగారు ముందువరుసలో ఆసీనులయ్యారు. ఫిజిక్సుగారు మీటమీద వేలుంచారు. సరిగ్గా అప్పుడే నా భార్య, అనగా అతని అక్కగారు, పళ్లెంతో ప్రవేశించింది.

“బొట్టు పెట్టకుండా కొత్త మిషను ఆన్ చేస్తావేంట్రా?”

“మూతకి పెడతాలేవే అక్కా.”

“మూత ఏం పనిచేస్తుందిరా? పనిచేసేదానికి పెట్టు.”

సైకిలు మొదలుకొని నీటి మోటారు వరకు బొట్టులేని యంత్రం మా ఇళ్లలో కదలదు. వర్జ్యాన్ని వెక్కిరించిన ఆ ధీరుడు అక్కగారి మాట జవదాటలేక, మూత తీసి, కిరణాలు వెలువడే గాజు మీదనే తడికుంకుమతో రూపాయంత బొట్టుపెట్టి మీట నొక్కాడు.

గోడమీద వినాయకుడు లేడు. తడికుంకుమ వెలుగునంతటినీ చెదరగొట్టింది; ఆకారంలేని ఎర్రని కాంతి గోడంతా పరచుకొన్నది. అంతలో ఎవరో చేతులు జోడించారు.

“సిందూర గణపతండి. తొండం చూడండి, ఎడమ పక్కకి.”

“కుడి పక్కకండి. మీ కళ్లజోడు తుడుచుకోండి.”

లేని తొండానికి దిక్కులు వాదించుకొంటూనే అందరూ గుంజీళ్లు తీశారు. అధ్యక్షులవారు స్వహస్తాలతో కొబ్బరికాయ కొట్టారు.

“ఇంక నోరు మెదపకు. లైటింగు నీదే,” అన్నాను అతని చెవిలో.

“నెల్లాళ్లు కష్టపడి కలిపింది ఈ మరక కోసమాండి?” అన్నాడు.

మరునాడు గాజును స్పిరిటుతో తుడిచాడు. సాయంత్రం గోడమీద చేటచెవులు, ఉండ్రాయి, ఎలుక మీసాలతో సహా వెంట్రుకవాసి తేడా లేకుండా వినాయకుడు వెలిశాడు. ఒక్కరూ చెయ్యెత్తి మ్రొక్కలేదు.

“నిన్న స్వామి వచ్చారండి,” అన్నారు అధ్యక్షులు. “ఇవాళ తమరు బొమ్మ గీశారు. నిన్నటిదే వేయించండి ఇంజనీరు గారూ.”

“నిన్నటిది తప్పండి. గాజుమీద బొట్టుపడి వెలుగు చెదిరింది, అంతే.”

గుంజీళ్లు తీసినవారి సమక్షంలో అనదగిన మాట కాదది. తొండం ఎడమన చూసినవారూ కుడిన చూసినవారూ మొదటిసారిగా ఏకాభిప్రాయానికి వచ్చి అతనివైపు చూశారు. కిరణాలను కలపడానికి నెల పట్టింది. వీధిని కలపడానికి ఒక్క వాక్యం చాలింది.

మరుసటి ఏడు, సర్వధారి నామ సంవత్సర భాద్రపద శుద్ధ చవితి, సౌమ్యవారం నాడు మా పందిటి దీపాలను తణుకు నుండి వచ్చినవారు వెలిగించారు. మా బావమరిది పందిట్లోకి రాలేదు.